పాత రోల్స్ రాయిస్‌కు ఏ హారన్, ఏ హెడ్‌ల్యాంపు? కొనే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ ముందు కాసేపు ఆగకుండా ముందుకు కదలరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దాన్ని ఆర్డర్ చేశారు. కారు చేతికి రాకముందే 1911లో ఆయన కన్నుమూశారు. చివరకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది దక్కింది. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది కాబట్టి దానికి 'థ్రోన్ కార్' అని పేరు. ఇంజను, ఛాసిస్ రోల్స్ రాయిస్‌వి. బాడీ మాత్రం లండన్‌లోని బార్కర్ కంపెనీది.

ఈ చివరి మాటలోనే అసలు విషయం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం వరకు రోల్స్ రాయిస్ కంపెనీ పూర్తి కారు అమ్మేది కాదు. ఇంజను, ఛాసిస్, రేడియేటరు దాకా తయారు చేసి ఇచ్చేది. బాడీ ఎవరితో కట్టించుకోవాలి, ఏ దీపాలు పెట్టాలి, ఏ హారన్ బిగించాలి అన్నది కొన్నవారి ఇష్టం. అందుకే ఒకే ఏడాది తయారైన రెండు కార్లకు ఒకే రకం దీపాలు ఉండాలన్న రూలు లేదు. నవాబులు, మహారాజులు, లండన్ దొరలు ఎవరి షౌక్ ప్రకారం వాళ్ళు తెప్పించుకున్నారు.

ఇప్పుడు అలాంటి కారు బాగు చేయించే వాళ్ళకు వచ్చే చిక్కు కూడా ఇదే. దీపాలు, హారన్ పోయి ఉంటాయి, లేదా మధ్యలో ఎవరో మార్చేసి ఉంటారు. బజారులో మెరిసేది కనిపిస్తే కొనేస్తారు. తీరా పోటీకి తీసుకెళ్తే జడ్జీలు దూరం నుంచే తప్పు పట్టేస్తారు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. అసలు బ్రాకెట్లు కోసేసి, ఫెండర్లకు కొత్త రంధ్రాలు పెట్టేస్తే వందేళ్ళ సాక్ష్యం పోతుంది. అది మళ్ళీ రాదు.

మొదటి ప్రశ్న: కారును ఏ సంవత్సరానికి తీసుకెళ్ళాలి?

దీపం కొనే ముందు తేల్చుకోవాల్సింది ధర కాదు, సంవత్సరం. 1912లో తయారైన కారు 1925 దాకా గ్యాసు దీపాలతో నడిచి, తర్వాత కరెంటు దీపాలకు మారి ఉండవచ్చు. ఆ మార్పు కూడా కారు చరిత్రలో భాగమే. కాబట్టి యజమాని ముందు రెండు దారులు ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చేయడం ఒకటి. దాన్ని ఎక్కువ కాలం వాడిన రోజుల్లో ఎలా ఉందో అలా ఉంచడం రెండోది. రెండూ సరైనవే. రెండింటినీ కలిపేస్తేనే తప్పు. 1910 నాటి ఇత్తడి సైడు దీపాలు, 1930 నాటి క్రోమ్ హెడ్‌లైట్లు ఒకే బండికి పెడితే అది ఏ కాలానికీ చెందకుండా పోతుంది.

సంవత్సరం తేల్చడానికి మూడు ఆధారాలు పనికొస్తాయి. మొదటిది పాత ఫోటోలు. పెళ్ళి ఊరేగింపు, దర్బారు, వేట ఫోటోల్లో కారు ముందు భాగం చాలాసార్లు స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది కంపెనీ రికార్డు. రోల్స్ రాయిస్ ఛాసిస్‌లకు కార్డులు ఉండేవి. అవి ఇంగ్లండ్‌లోని రోల్స్ రాయిస్ ఎంథూసియాస్ట్స్ క్లబ్ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి నకలు అడగవచ్చు. కొన్ని కార్డుల్లో దీపాల వివరం కూడా రాసి ఉంటుంది. మూడోది కారే. పాత రంధ్రాలు, బ్రాకెట్ల గుర్తులు, డాష్‌బోర్డు వెనక తెగిన గొట్టం ముక్కలు జాగ్రత్తగా చూస్తే ఒకప్పుడు ఎక్కడ ఏముందో బయటపడుతుంది. రంగు గీకే ముందే వీటన్నిటినీ ఫోటోలు తీసి పెట్టుకోవాలి.

లోహం చూసి వయసు చెప్పవచ్చు

దీపం, హారన్ ఏ లోహంతో మెరుస్తున్నాయో చూస్తే కాలం చాలావరకు తెలిసిపోతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్ళు ఇత్తడి కాలం. 1912 దాటాక నికెల్ పూత ఎక్కువైంది. 1920ల్లో మంచి కార్లన్నీ నికెల్‌తోనే కనిపిస్తాయి. క్రోమ్ పూత కార్ల మీద మామూలైంది 1920ల చివర్లోనే.

నికెల్ మెరుపులో కాస్త పసుపు ఛాయ, వెచ్చదనం ఉంటుంది. క్రోమ్ నీలం ఛాయతో చల్లగా, అద్దంలా మెరుస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే చిన్న పిల్లలు కూడా తేడా చెప్పేస్తారు. 1914 నాటి సిల్వర్ ఘోస్ట్‌కు క్రోమ్ దీపాలు పెడితే అది మొదటి చూపులోనే దొరికిపోయే పొరపాటు. పూత వేసే మిస్త్రీకి 'మెరిసేలా చేయి' అని చెప్తే అతను అలవాటుగా క్రోమ్ వేసేస్తాడు. 'నికెల్ మాత్రమే, పైన క్రోమ్ వద్దు' అని కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది.

సంపన్నుల కార్లలో వెండి పూత, జర్మన్ సిల్వర్ కూడా ఉండేవి. జర్మన్ సిల్వర్ అంటే పేరులో తప్ప అందులో వెండి ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. పైపూత కాదు కాబట్టి ఎంత రుద్దినా కింద పసుపు బయటపడదు.

దీపాలు: నూనె, గ్యాసు, కరెంటు

మొదటి తరం కార్లలో సైడు దీపాలు, వెనక దీపం కిరోసిన్‌తో వెలిగేవి. అవి దారి చూపించడానికి కాదు, ఎదుటివాళ్ళకు బండి కనిపించడానికి. దారి చూపించే పని ముందున్న పెద్ద గ్యాసు దీపాలది.

గ్యాసు అంటే ఎసిటిలిన్. కాల్షియం కార్బైడ్ మీద నీళ్ళు బొట్లుబొట్లుగా పడితే ఈ గ్యాసు పుడుతుంది. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడుతున్నారని, అది నిషిద్ధమని వార్తల్లో వినే కార్బైడ్ ఇదే. రన్నింగ్ బోర్డు మీద ఒక ఇత్తడి డబ్బా ఉంటుంది. దాని పై అరలో నీళ్ళు, కింది అరలో కార్బైడ్. చిన్న కుళాయి తిప్పితే నీళ్ళు దిగుతాయి, పుట్టిన గ్యాసు గొట్టాల్లోంచి దీపానికి చేరుతుంది. డ్రైవరు దిగి, దీపం తలుపు తెరిచి, అగ్గిపుల్లతో వెలిగించాలి. ఫ్రాన్స్‌కు చెందిన లూయీ బ్లేరియో 1909లో ఇంగ్లిష్ ఛానెల్ మీదుగా విమానం నడిపి పేరు తెచ్చుకున్నాడు. ఆయన వ్యాపారం మాత్రం కార్లకు ఇలాంటి గ్యాసు దీపాలు చేసి అమ్మడమే. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌కు చెందిన లూకాస్, పావెల్ అండ్ హ్యాన్మర్ కంపెనీల పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. లూకాస్ దీపాల మీద 'కింగ్ ఆఫ్ ది రోడ్' అన్న ముద్ర ఉంటుంది.

గ్యాసు దీపాన్ని గుర్తుపట్టడం తేలిక. నెత్తి మీద పొగగొట్టం లాంటి మూత ఉంటుంది. వేడి, ఆవిరి అందులోంచి బయటకు పోతాయి. కరెంటు దీపానికి ఆ అవసరం లేదు కాబట్టి పైభాగం నున్నగా ఉంటుంది. చాలా గ్యాసు దీపాల లోపల వెనక భాగంలో మందమైన గాజు అద్దం కూడా ఉంటుంది. మాంజిన్ అనే ఫ్రెంచి సైనికాధికారి రూపొందించిన అద్దం అది. వేడికి, మసికి లోహపు అద్దం పాడైపోతుంది కాబట్టి గాజును వాడారు. పాత దీపం కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఈ అద్దాన్నే. అది పగిలి ఉంటే సరైనది దొరకడం చాలా కష్టం. బయట ఇత్తడి సొట్టలు ఎవరైనా సరిచేస్తారు.

రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌లో కరెంటు దీపాలు 1914 నుంచి అదనపు సదుపాయంగా దొరికాయి. 1919 నుంచి సెల్ఫ్ స్టార్టర్‌తో పాటు అవి మామూలు అయ్యాయి. అమెరికాలో క్యాడిలాక్ 1912 మోడల్‌కే కరెంటు దీపాలు, సెల్ఫ్ స్టార్టరు పెట్టేసింది. కాబట్టి 1912 నాటి రోల్స్ రాయిస్‌కు గ్యాసు దీపాలు, అదే ఏడాది క్యాడిలాక్‌కు కరెంటు దీపాలు ఉండటం సహజం.

గ్యాసు దీపం వెలిగించాలా, అలంకారంగా ఉంచాలా?

చాలామంది యజమానులు గ్యాసు దీపాలను చూపు కోసమే ఉంచుతారు. అది తప్పేమీ కాదు. వెలిగించాలనుకుంటే మాత్రం కొన్ని జాగ్రత్తలు ప్రాణం మీదికి రాకుండా కాపాడతాయి.

ఎసిటిలిన్ పోయే దారిలో అచ్చమైన రాగి గొట్టం వాడకూడదు. రాగితో ఆ గ్యాసు కలిసి, చిన్న దెబ్బకే పేలే పదార్థం తయారవుతుంది. పాత రబ్బరు గొట్టాలు పగుళ్ళు పట్టి ఉంటాయి, వాటిని మార్చాలి. డబ్బాలో మిగిలిన తెల్లటి ముద్ద తడి సున్నం. ప్రతిసారీ వాడిన వెంటనే కడిగేయాలి, లేకపోతే లోహాన్ని తినేస్తుంది. మూసిన గ్యారేజీలో వెలిగించకూడదు. కార్బైడ్ నిల్వకు మన దేశంలో 1987 నాటి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. తేమ తగలని మూత గట్టి డబ్బాలో, కొద్దిగా మాత్రమే ఉంచుకోవాలి.

ఇంకో దారి ఉంది. గ్యాసు బర్నరు తీసి పక్కన పెట్టి, దాని స్థానంలో చిన్న బల్బు హోల్డరు నిలపడం. తీగను పాత గ్యాసు గొట్టంలోంచే తీసుకురావచ్చు. దీపానికి ఒక్క రంధ్రం కూడా పెట్టకూడదు, రేపు ఎవరైనా బర్నరు తిరిగి పెట్టుకోగలగాలి. తీసిన బర్నరును గుడ్డలో చుట్టి, 'కుడి దీపం', 'ఎడమ దీపం' అని చీటీ కట్టి కారుతోనే ఉంచాలి.

కరెంటు హెడ్‌లైట్లు: పేరు కంటే జత ముఖ్యం

1920లు, 30ల కార్లకు దీపాల ఎంపిక పెరిగిపోయింది. లూకాస్, రోటాక్స్, సీఏవీ ఇంగ్లండ్‌వి. మార్షల్, గ్రెబెల్ ఫ్రాన్స్‌వి. జైస్, బాష్ జర్మనీవి. రోటాక్స్, సీఏవీ రెండింటినీ 1926లో లూకాస్ కొనేసింది. 1930ల పెద్ద కార్ల ముందు కనిపించే, దాదాపు అడుగు వెడల్పున్న లూకాస్ పీ-100 దీపాలకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ. గిరాకీ ఉన్న చోట నకళ్ళు కూడా ఉంటాయి.

అయితే పీ-100 దొరికింది కదా అని ప్రతి కారుకూ పెట్టకూడదు. చిన్న 20/25 మోడల్ మీద అంత పెద్ద దీపాలు కళ్ళజోడు పెట్టినట్టు ఉంటాయి. పైగా బరువు. దీపాన్ని పట్టుకునే చీలిక బ్రాకెట్టు చెవుల మధ్య దూరం కొలిచి, దానికి సరిపోయే దీపం వెతకాలి. దీపానికి సరిపోయేలా బ్రాకెట్టును వంచితే పాత ఇనుము పగులుతుంది.

జత విషయం ఇంకా ముఖ్యం. ఒకే కంపెనీ, ఒకే నంబరు, ఒకే రకం గాజు ఉండాలి. వేర్వేరు చోట్ల కొన్న రెండు ఒంటరి దీపాలు దూరం నుంచి ఒకేలా అనిపిస్తాయి. దగ్గరికి వస్తే గాజు గీతలు, అంచు మందం, కీలు ఉన్న వైపు తేడాగా కనిపిస్తాయి. కొన్నిసార్లు రెండూ ఒకే వైపు దీపాలై ఉంటాయి.

'డిప్' చేసే పద్ధతి కూడా కాలాన్ని బట్టి మారింది. బార్కర్ కంపెనీ పద్ధతిలో డ్రైవరు పక్కన ఉన్న పొడుగాటి లివర్ లాగితే కడ్డీల సాయంతో రెండు దీపాలూ మొత్తంగా కిందికి వంగుతాయి. తర్వాత వచ్చిన ఇంకో పద్ధతిలో డిప్ నొక్కగానే కుడి దీపం ఆరిపోయి, ఎడమ దీపం లోపలి అద్దం మాత్రం కిందికి వాలుతుంది. ఇది ఇప్పటి రోడ్ల మీద ప్రమాదం. ఎదురుగా వచ్చే లారీ డ్రైవరుకు ఒకటే దీపం కనిపిస్తుంది. బైకు అనుకుని దగ్గరికి వచ్చేస్తాడు. అలాంటి కారును చీకట్లో రోడ్డెక్కించకపోవడమే మేలు. తప్పనిసరి అయితే కుడి వైపు సైడు దీపం బాగా వెలిగేలా చూసుకోవాలి.

వేట కోసం చేయించిన కార్లలో అదనంగా సెర్చ్‌లైట్లు ఉండేవి. కోటా మహారాజు ఉమేద్ సింగ్ 1925లో తెప్పించిన రోల్స్ రాయిస్ 'టైగర్ కార్'కు గ్రెబెల్ సెర్చ్‌లైట్లు ఉన్నాయి. దాన్ని చూసి దర్బారు కార్లకు, పెళ్ళి కార్లకు కూడా సెర్చ్‌లైట్లు తగిలించే వాళ్ళు ఉన్నారు. పాత ఫోటోలో ఉంటే పెట్టాలి, లేకపోతే వదిలేయాలి.

వెలుగు అంతా లోపలి అద్దంలోనే ఉంది

పాత దీపాలు మసకగా వెలుగుతున్నాయంటే అందరూ ముందు బల్బును తిడతారు. తప్పు చాలాసార్లు లోపలి గిన్నె లాంటి రిఫ్లెక్టరుది. వెండి తన మీద పడిన వెలుగులో దాదాపు 95 శాతం తిప్పి పంపిస్తుంది. క్రోమ్ అయితే 65 శాతం దగ్గరే ఆగిపోతుంది. చూపుకు క్రోమ్ ఎంత మెరిసినా రిఫ్లెక్టరుకు అది పనికిరాదు. ఇత్తడి గిన్నెలకు వేసే కలాయి అంటే తగరం, అది కూడా ఇక్కడ పనికిరాదు. వెండి పూతే వేయించాలి.

వెండికి ఒక బలహీనత ఉంది. గాలిలోని గంధకం తగిలితే నల్లబడుతుంది. అందుకే గాజు అంచు చుట్టూ బెండు లేదా రబ్బరు పట్టీ సరిగ్గా కూర్చోవాలి. రిఫ్లెక్టరును ఇత్తడి పాలిష్‌తో రుద్దకూడదు. పూత పలచన కాబట్టి నాలుగైదుసార్లకే కింద ఇత్తడి బయటపడుతుంది. వేలితో ముట్టుకోవడం కూడా మంచిది కాదు, చెమట మచ్చ పడిపోతుంది.

తర్వాతది ఫోకస్. బల్బులో వెలిగే తీగ సరిగ్గా రిఫ్లెక్టరు కేంద్రంలో ఉంటేనే వెలుగు తిన్నగా దూరం పోతుంది. పాత దీపాల్లో బల్బును ముందుకు వెనక్కు జరిపే స్క్రూ ఉంటుంది. సాయంత్రం చీకటి పడ్డాక కారును గోడకు పాతిక అడుగుల దూరంలో నిలిపి, ఒక దీపాన్ని గుడ్డతో కప్పి, రెండోదాన్ని సరిచేయాలి. గోడ మీద మధ్యలో నల్లటి మచ్చ కనిపిస్తే బల్బు కేంద్రంలో లేదని అర్థం. వెలుగు చిక్కగా, చిన్నగా పడేదాకా జరపాలి. తర్వాత రెండోదానికి అదే పని.

వోల్టులు, ఆంపియర్లు లెక్క చూసుకోవాలి

రోల్స్ రాయిస్ కార్లది 12 వోల్టుల పద్ధతి. అమెరికా పెద్ద కార్లు చాలావరకు 6 వోల్టులవి. 36 వాట్ల బల్బులు రెండు వెలిగితే 72 వాట్లు. 12 వోల్టుల బండిలో అది 6 ఆంపియర్లు, 6 వోల్టుల బండిలో 12 ఆంపియర్లు. డైనమో ఎంత ఇవ్వగలదో చూడకుండా పెద్ద బల్బులు పెడితే బ్యాటరీ దారి మధ్యలో ఖాళీ అవుతుంది.

బల్బు మార్చే ముందు తీగలు, స్విచ్చులు, ఎర్తింగు శుభ్రం చేయించాలి. బల్బుకు చేరే వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం పడిపోతుంది. తుప్పు పట్టిన ఒక్క ఎర్తింగు బోల్టు ఆ పని చేస్తుంది. గుడ్డ అల్లిక ఉన్న పాత తీగలు చూపుకు బాగుంటాయి కానీ లోపలి రబ్బరు పొడి అయిపోయి ఉంటుంది. అదే అల్లికతో కొత్త తీగలు దొరుకుతాయి, అవే వేయాలి.

ఎల్ఈడీ బల్బుల విషయంలో తొందర పనికిరాదు. తీగ వెలిగే చోటు వేరు, ఎల్ఈడీ వెలిగే చోటు వేరు. అందుకే పాత రిఫ్లెక్టరులో వెలుగు చెదిరి ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది. తెల్లటి నీలి వెలుగు కారు అందాన్ని కూడా పాడు చేస్తుంది. పైగా కొన్ని పాత కార్లలో బ్యాటరీ ప్లస్ వైపు ఎర్తింగు ఉంటుంది, మామూలు ఎల్ఈడీ అందులో వెలగదు. వెనక దీపానికి మాత్రం వెచ్చని రంగు ఎల్ఈడీ పెట్టుకోవచ్చు. వెనక నుంచి గుద్దకుండా ఉండటం అన్నిటికంటే ముఖ్యం. చీకట్లో అదనపు ఎర్ర దీపం కావాలంటే అయస్కాంతం దీపాలు కొనకూడదు. చాలా బాడీలు అల్యూమినియం రేకుతో చేసినవి, అయస్కాంతం అంటుకోదు. మెత్తటి పట్టీతో కట్టే దీపం వాడాలి.

హారన్లు: పోం పోం నుంచి క్లాక్సన్ దాకా

అన్నిటికంటే పాతది రబ్బరు బంతి నొక్కితే మోగే ఇత్తడి బూర హారన్. లోపల హార్మోనియంలో ఉన్నట్టు సన్నటి ఇత్తడి నాలుక ఉంటుంది. గాలికి అది అదిరి మోగుతుంది. బంతి డ్రైవరు చేతి దగ్గర, బూర ముందు ఫెండరు మీద ఉండి, మధ్యలో వంగే లోహపు గొట్టం పాములా సాగితే దాన్ని 'బోవా కన్‌స్ట్రిక్టర్' హారన్ అంటారు. కొన్నిటికి చివర నోరు తెరిచిన పాము తల కూడా ఉంటుంది. 1910 ప్రాంతపు పెద్ద కార్ల మీద ఇది బాగా నప్పుతుంది. రాచరికపు హారన్ అంటే చాలామందికి ఇదే గుర్తొస్తుంది.

రెండోది క్లాక్సన్. అమెరికాకు చెందిన మిల్లర్ రీస్ హచిసన్ 1908లో దీనికి పేటెంటు పొందాడు. పళ్ళ చక్రం తిరుగుతూ పలచని లోహపు రేకు మధ్యలో ఉన్న బొడిపెను కొడుతుంది. 'ఆ...ఊ...గా' అన్న శబ్దం అలా పుడుతుంది. చేత్తో నొక్కేవి, మోటారుతో తిరిగేవి రెండు రకాలూ ఉన్నాయి. బ్యాటరీ లేని కారుకు చేతి రకమే సరైనది. పాత సినిమాల్లో విన్నాం కదా అని 1906 నాటి కారుకు క్లాక్సన్ పెడితే అప్పటికి ఆ హారనే పుట్టలేదన్న సంగతి ఎవరో ఒకరు గుర్తుచేస్తారు.

మూడోది ఇంజను పొగతో మోగే హారన్. సైలెన్సరు గొట్టానికి ఒక కవాటం పెట్టి, పొగను బూరల్లోకి మళ్ళిస్తారు. గేబ్రియేల్ అనే పేరుతో ఇవి ప్రసిద్ధి. 1910లో కలకత్తాలో ఉన్న ఒక ఇంగ్లిష్ ఆసామి హంస ఆకారంలో చేయించుకున్న 'స్వాన్ కార్'కు ఎనిమిది గొట్టాల గేబ్రియేల్ హారన్, దాన్ని వాయించడానికి మెట్ల వరుస కూడా ఉండేవి. ఆ కారు తర్వాత నాభా మహారాజు చేతికి వెళ్ళింది, ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లౌమన్ మ్యూజియంలో ఉంది.

నాలుగోది కరెంటుతో అదిరే హారన్. బాష్ కంపెనీ తన హారన్‌ను 1921లో తెచ్చింది. 1930ల ఇంగ్లిష్ కార్లకు లూకాస్ హారన్లు మామూలు. పొడుగు బూరల జత ఒకేసారి 10 ఆంపియర్లు దాటి లాగవచ్చు. అలాంటప్పుడు స్టీరింగు మీది పాత బటన్‌లోంచి నేరుగా కరెంటు పోనివ్వకుండా రిలే పెట్టించాలి. లేకపోతే దొరకని ఆ బటన్ కాలిపోతుంది.

బిగించడం, బాగు చేయడం

బూర నోరు కాస్త కిందికి వాలి ఉండాలి. లేకపోతే వానలో నీళ్ళు నిలిచి నాలుక చిలుము పడుతుంది. ఇత్తడి పాలిష్ పేస్టు లోపలికి పోతే హారన్ గొంతు మూగబోతుంది. నోటికి గుడ్డ కుక్కి పాలిష్ చేసి, తర్వాత గుడ్డ తీసేయాలి. రబ్బరు బంతి గట్టిపడితే కొత్తది వేయవచ్చు, అది తరిగే వస్తువే. నాలుకను మాత్రం మార్చకుండా శుభ్రం చేయించడం మంచిది. ఆ కారు గొంతు దానిదే కదా.

క్లాక్సన్ సరిగ్గా మోగకపోతే వెంటనే వెనక స్క్రూ బిగించేయడం అందరూ చేసే తప్పు. ముందు నూనె వేసి, ఎండిపోయిన గ్రీజు తీయాలి. తర్వాత స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పాలి. గట్టిగా బిగిస్తే పళ్ళు రేకును చీల్చేస్తాయి.

నకిలీని ఎలా పట్టుకోవాలి?

ఇళ్ళలో అలంకారానికి చేసే ఇత్తడి హారన్లు, దీపాలు మన దేశంలోనే బోలెడు తయారవుతాయి. వాటిని వాటి పేరుతో అమ్మితే ఏ గొడవా లేదు. 'నవాబు గారి కారుది' అని చెప్పి అమ్మినప్పుడే మోసం. తేడా పట్టడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి.

అసలుది బరువుగా ఉంటుంది, అతుకులు శుభ్రంగా ఉంటాయి. కంపెనీ ముద్ర లోహంలోకి లోతుగా, అక్షరాలు సమానంగా ఉంటాయి. నకిలీ ముద్ర పోత పోసినట్టు మొద్దుగా కనిపిస్తుంది. స్క్రూలు చూడాలి. నాలుగు మూలల గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూలు 1930ల తర్వాతవి. అవి 1912 దీపంలో ఉంటే కనీసం ఎవరో విప్పి మార్చారని అర్థం. దీపం లోపల మసి, వేడికి రంగు మారిన గుర్తు లేకపోతే అది ఎన్నడూ వెలగని గ్యాసు దీపం. హారన్ అయితే కొనే ముందు మోగించి చూడాలి. అలంకార హారన్ గొంతు బాతు అరిచినట్టు పలచగా ఉంటుంది.

మంచి నకలు కొనడం తప్పు కాదు. అసలుది దొరకనప్పుడు అదే దారి. కానీ కారు ఫైలులో 'ఈ దీపాలు నకళ్ళు, ఫలానా ఏడాది పెట్టినవి' అని రాసి ఉంచాలి. రేపు కారు కొనేవారికి, పరిశోధన చేసేవారికి అది న్యాయం.

చట్టం ఏమంటుంది?

2021లో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న, వ్యాపారానికి వాడని టూవీలర్లు, కార్లు వీటి కిందికి వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉండకూడదు. రాష్ట్ర కమిటీ బండిని చూసి తేలుస్తుంది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ఇలా రిజిస్టరైన కారును రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పరిశోధన, పెట్రోలు పోయించడం, రిపేరు లాంటి వాటికే రోడ్డెక్కాలి.

హారన్ విషయంలో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 119వ నిబంధన స్పష్టంగా ఉంది. ఒకదాని తర్వాత ఒకటి వేర్వేరు స్వరాలు పలికే హారన్, మరీ కర్కశంగా, కీచుగా, భయపెట్టేలా మోగే హారన్ కుదరదు. అంటే ఎనిమిది గొట్టాల పొగ హారన్ మైదానంలో ప్రదర్శనకే పరిమితం. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద ప్రాంతంలో ఏ హారనూ కొట్టకూడదు. కొడితే మొదటిసారి వెయ్యి, మళ్ళీ కొడితే రెండు వేల రూపాయల జరిమానా. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతాల్లో కూడా హారన్ నిషేధమే. పాతకారు కదా అని ఇందులో మినహాయింపు లేదు.

కొనే ముందు ఒక్కసారి

చివరగా గుర్తుంచుకోవాల్సిన వరుస ఇది. ముందు సంవత్సరం తేల్చుకోవాలి. తర్వాత పాత ఫోటో, ఛాసిస్ కార్డు, కారు మీది గుర్తులు సరిపోల్చుకోవాలి. బ్రాకెట్టు కొలతలు తీసుకోవాలి. లోహం, దీపం రకం, హారన్ రకం మూడూ ఒకే కాలానివి అని చూసుకోవాలి. డైనమో ఎంత భరించగలదో లెక్క వేయాలి. కొత్త రంధ్రం పెట్టకుండా బిగించే దారి వెతకాలి. తీసిన ప్రతి ముక్కనూ చీటీ కట్టి దాచాలి.

తొందరపడి పెట్టిన తప్పు దీపాన్ని రేపు తీసేయవచ్చు. దాన్ని బిగించడానికి కోసేసిన పాత బ్రాకెట్టు మాత్రం తిరిగి రాదు. సరైన జత దొరికేదాకా దీపాలు లేకుండా ఖాళీ బ్రాకెట్లతో నిలబడిన కారు చూపుకు కాస్త బోసిగా ఉండవచ్చు. కానీ ఆ కారు అబద్ధం చెప్పదు. ఇలాంటి కార్లు ఒక కుటుంబం ఆస్తిగా మొదలై, చివరకు ఒక ఊరి జ్ఞాపకంగా మిగులుతాయి. చౌమహల్లాలో పసుపు కారు చుట్టూ చేరే పిల్లలను చూస్తే ఆ మాట నిజమని ఎవరికైనా తెలుస్తుంది.